ఎన్ని కాలేజీలకు అప్లై చేయాలి? ఎలిజబెత్ బ్లాక్‌వెల్ లిస్టు చెప్పే పాఠం

అమెరికాలో మెడికల్ డిగ్రీ అందుకున్న తొలి మహిళ ఆమె. ఎన్నో కాలేజీల తలుపు తడితే తెరుచుకున్న తలుపు ఒక్కటే. ఆ ఒక్క తలుపు దగ్గరికి ఆమె ఎలా చేరారో తెలిస్తే, అప్లికేషన్ల సీజన్‌లో మన లిస్టును కూడా ఇంకోసారి చూసుకుంటాం.

ఫైనల్ ఇయర్ మొదలైతే చాలు, హాస్టల్ గదుల్లో ఒకటే చర్చ. ఎన్ని యూనివర్సిటీలకు అప్లై చేద్దాం? నాలుగు చాలంటాడు ఒకడు. పది తగ్గితే రిస్కే అంటాడు ఇంకొకడు. ఒక్కో అప్లికేషన్‌కి ఫీజు, స్కోర్లు పంపడానికి మళ్లీ ఫీజు, ఎస్‌ఓపీ, రికమండేషన్ లెటర్ కోసం సార్ చుట్టూ ప్రదక్షిణలు. ఎమ్మెస్‌కైనా, ఎంబీఏకైనా, పీహెచ్‌డీకైనా ఇదే తంతు. చివరికి అందరం ఏదో ఒక నంబరు దగ్గర ఆగుతాం. ఆ నంబరే ఎందుకని అడిగితే మాత్రం గట్టి జవాబు ఉండదు. పక్క రూమ్‌వాడు అన్నే పెట్టాడు, అంతే.

ఇదే ప్రశ్న 1847లో ఎలిజబెత్ బ్లాక్‌వెల్ ముందుకొచ్చింది. ఆమెకి ర్యాంకింగులు లేవు, కటాఫ్‌లు లేవు, గైడ్ చేసే సీనియర్లూ లేరు. ఆమె కోరుకున్న డిగ్రీ ఆ దేశంలో అప్పటిదాకా ఏ ఆడపిల్లకీ రాలేదు.

చక్కెర వ్యాపారి కూతురు

ఎలిజబెత్ 1821 ఫిబ్రవరి 3న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టారు. తండ్రి శామ్యూల్ బ్లాక్‌వెల్‌ది చక్కెర శుద్ధి వ్యాపారం. ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు వస్తే చాలనుకునే రోజుల్లో, కూతుళ్లను కూడా కొడుకులతో సమానంగా చదివించిన మనిషి. 1832లో కుటుంబమంతా ఓడెక్కి న్యూయార్క్ చేరింది. అక్కడ వ్యాపారం నిలదొక్కుకోలేదు. 1838లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటికి మారారు. వెళ్లిన కొద్ది నెలలకే తండ్రి జబ్బు చేసి చనిపోయారు. ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు, చేతిలో దాదాపు ఏమీ లేదు. అప్పటికి ఎలిజబెత్ వయసు 17.

చదువుకున్న ఆడపిల్లకు ఆ రోజుల్లో గౌరవంగా దొరికే పని దాదాపు టీచర్ ఉద్యోగమొక్కటే. ఇద్దరు అక్కలతో కలిసి ఆమె సొంతంగా ఓ స్కూలు నడిపారు. తర్వాత 1844లో కెంటకీలోని హెండర్సన్‌లో టీచరుగా చేశారు. పని దొరికింది కానీ మనసు నిలవలేదు.

డాక్టర్ అవ్వాలన్న ఆలోచన ఆమెది కాదు, ఓ స్నేహితురాలిది. ప్రాణం తీసే స్త్రీల వ్యాధితో ఆమె బాధపడుతున్నారు. మగ డాక్టర్ల ముందు చెప్పుకోలేక ఇంకా నలిగిపోయారు. ఒక ఆడ డాక్టర్ ఉండుంటే ఈ బాధ సగం తగ్గేదని, నువ్వే ఎందుకు చదవకూడదని ఎలిజబెత్‌ను అడిగారు. వినగానే ఎలిజబెత్ కుదరదనేశారు. శరీరం, రోగాలు అనే మాటే ఆమెకి పడదు. స్కూల్లో పాఠం కోసం ఎద్దు కన్ను తెచ్చి చూపిస్తే కడుపులో తిప్పిన పిల్ల ఆమె. కానీ స్నేహితురాలి మాట వదల్లేదు. తెలిసిన డాక్టర్లకు ఉత్తరాలు రాసి అభిప్రాయం అడిగారు. వచ్చిన జవాబులన్నీ ఒకేలా ఉన్నాయి. ఆలోచన మంచిదే, కానీ జరిగే పని కాదు. చదువు ఖరీదు, దారి లేదు.

డబ్బు ముందు, అప్లికేషన్ తర్వాత

ఇక్కడ ఆమె చేసిన పని గమనించండి. వెంటనే అప్లికేషన్లు పంపలేదు. చదువు మొత్తానికి 3000 డాలర్లు అవుతుందని లెక్క తేలింది. అందుకని 1845లో నార్త్ కరోలినాలోని యాష్‌విల్‌కి వెళ్లి మళ్లీ టీచరుగా చేరారు. ఆ ఊరే ఎందుకు? అక్కడ స్కూలు నడిపే జాన్ డిక్సన్ పాదిరి అవ్వకముందు వైద్యుడు. ఆయన దగ్గర వైద్య పుస్తకాలున్నాయి. పగలు పాఠాలు చెప్పడం, మిగతా టైమ్‌లో ఆ పుస్తకాలు చదవడం. తర్వాత చార్ల్‌స్టన్‌కి మారి, అక్కడ ఆయన తమ్ముడు డాక్టర్ శామ్యూల్ హెన్రీ డిక్సన్ లైబ్రరీ ఉపయోగించుకున్నారు. రోజూ సంగీతం నేర్పుతూ జీతం దాచుకున్నారు. అంటే ఉద్యోగం, కోచింగ్, సేవింగ్స్ మూడూ ఒకే చోట.

రెండేళ్లు ఇలా గడిచాక, 1847లో ఫిలడెల్ఫియాకి చేరారు. అమెరికాలో వైద్య విద్యకు అప్పట్లో పెద్ద కేంద్రం అదే. అక్కడ ఒక ప్రైవేట్ అనాటమీ క్లాసులో చేరారు. మొదటి పాఠంగా సార్ చూపించింది మనిషి మణికట్టు. లోపల నరాలు, కండరాలు అమరిన తీరు చూసి ఆమె అబ్బురపడ్డారు. ఎద్దు కన్ను చూసి జడుసుకున్న అమ్మాయికి అప్పట్నుంచి అనాటమీ అంటే ఇష్టమైంది. సీటు రాకముందే, తనకు ఈ సబ్జెక్టు పడుతుందా లేదా అన్నది తేల్చుకున్నారు.

మొదటి లిస్టు ఎందుకు ఫెయిలైంది?

ఆమె మొదటి లిస్టు మనలో చాలామంది వేసేదే: పేరున్న కాలేజీలు. ఫిలడెల్ఫియాలోని మెడికల్ కాలేజీలు, తర్వాత న్యూయార్క్‌లోనివి. ప్రొఫెసర్లను స్వయంగా కలిసి అడిగారు. ఒకరు మర్యాదగా నవ్వి పంపేశారు. ఇంకొకరు ఆడవాళ్ల బుర్రకి ఇది ఎక్కదన్నారు. మరికొందరు లోపలి మాట బయటపెట్టేశారు: ఆడ డాక్టర్ వస్తే మా పేషెంట్లు అటు వెళ్లిపోరా? ఎవరు చెప్పిన కారణం ఏదైనా ఫలితం ఒక్కటే, నో.

ఇంజినీరింగ్‌లో ప్రాబబిలిటీ చదివినవాళ్లకు ఇక్కడో విషయం తడుతుంది. ఒక్కో అప్లికేషన్‌ని నాణెం ఎగరేయడంలా అనుకుంటాం. పదిసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడకపోతుందా అని ధైర్యం. ప్రతి ఎగరవేతా వేరైతేనే ఆ లెక్క పనిచేస్తుంది. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ కాలేజీలు అలా కాదు. ఒకే రకం ప్రొఫెసర్లు, ఒకే రకం భయాలు. ఒక కాలేజీ ఏ కారణంతో కాదన్నదో, పక్క కాలేజీ కూడా దాదాపు అదే కారణంతో కాదంటుంది. అలాంటి చోట పది అప్లికేషన్లు పెట్టినా, ఒకే అప్లికేషన్‌ను పదిసార్లు పంపినట్టే.

సలహాలిచ్చేవాళ్లకు కొదవలేదు. పారిస్ వెళ్లిపొమ్మన్నారు కొందరు. మగ వేషం వేసుకుని క్లాసులో కూర్చోమన్నాడు ఒక ప్రొఫెసర్. సీటు వచ్చే అవకాశం దాంతో పెరిగేదే. కానీ ఆమె ఒప్పుకోలేదు. తన పేరుతో, అందరికీ తెలిసేలా, మగవాళ్లకిచ్చే డిగ్రీయే కావాలి. దొంగచాటుగా తెచ్చుకున్న డిగ్రీ ఆమెకు ఉపయోగపడొచ్చు, తర్వాత వచ్చే అమ్మాయికి కాదు. ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

నంబర్ పెంచడం కాదు, రకం మార్చడం

అప్పుడు ఆమె లిస్టును మార్చారు. ఉత్తరాది రాష్ట్రాల్లో చిన్న ఊళ్లలో ఉన్న మెడికల్ కాలేజీల పట్టిక సంపాదించారు. వాటిని జనం పల్లెటూరి కాలేజీలని తేలిగ్గా చూసేవారు. ఆమె వాటి ప్రాస్పెక్టస్‌లు తెప్పించుకుని చదివి, బాగున్నాయనిపించిన పన్నెండింటికి ఒకేసారి పూర్తి అప్లికేషన్లు పంపారు. తర్వాత జవాబుల కోసం ఎదురుచూశారు.

పాతవీ కొత్తవీ కలిపి ఆమె అప్లై చేసిన కాలేజీలు 29 అని ఆమె జీవిత కథల్లో తరచూ కనిపించే లెక్క. 29కి ఒకటి అంటే మూడున్నర శాతం కూడా లేదు. వినడానికి మొండి పట్టుదలలా ఉంటుంది. కానీ ఆమె గుడ్డిగా తలుపులు కొట్టుకుంటూ పోలేదు. పెద్ద ఊరు వదులుకున్నారు, పేరు వదులుకున్నారు, డిగ్రీ మాత్రం వదులుకోలేదు. చిన్న కాలేజీల్లో రూల్స్ అంత గట్టిపడి ఉండవు, అక్కడ ఎవరి నిర్ణయం ఎటు తిరుగుతుందో ముందే చెప్పలేం. ఆమెకు కావల్సింది కూడా అదే, ముందే తేలిపోని చోటు.

జోక్ అనుకుని సీటిచ్చారు

1847 అక్టోబరు చివర్లో ఒక ఉత్తరం వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు ఒడ్డున ఉన్న జెనీవా అనే చిన్న ఊళ్లోని మెడికల్ కాలేజీ నుంచి. విద్యార్థులంతా ఏకగ్రీవంగా ఆమెను ఆహ్వానిస్తూ తీర్మానం చేశారని దాని సారాంశం.

వెనకాల జరిగింది వేరు. ఆమె కోసం ఫిలడెల్ఫియా డాక్టర్ జోసెఫ్ వారింగ్టన్ ఆ కాలేజీకి సిఫార్సు లేఖ రాశారు. ప్రొఫెసర్లకు ఇష్టం లేదు, పెద్దాయన మాట కాదనే ధైర్యమూ లేదు. అందుకని నిర్ణయం విద్యార్థుల మీదికి నెట్టేశారు. ఒక్కరు వద్దన్నా సీటు లేదని షరతు పెట్టారు. ఎవరో ఒకరు కాదంటారులే అని ధీమా. పిల్లలేమో ఇదంతా పక్క కాలేజీవాళ్లు ఆడుతున్న ఆట అనుకున్నారు. ఈలలు, కేకల మధ్య అందరూ సై అన్నారు. కాదనబోయిన ఒక్కడిని కూడా బలవంతంగా ఒప్పించారు. కొన్ని రోజుల తర్వాత నిజంగానే ఒకమ్మాయి క్లాసులోకి వచ్చేసరికి గది నిశ్శబ్దమైపోయింది.

ఈ కథను అదృష్టమని తీసేయడం తేలిక. నిజమే, అదృష్టం ఉంది. ఆ ఓటింగును ఎలిజబెత్ ఊహించలేదు, ప్లాన్ చేయలేదు. కానీ ఆ ఉత్తరం వచ్చిన రోజున ఆమె చేతిలో డబ్బు ఉంది, తలలో రెండేళ్ల చదువు ఉంది, ఫిలడెల్ఫియాలో తన తరఫున కలం పట్టే ఒక పెద్దమనిషీ ఉన్నాడు. నవంబరు 6 రాత్రి జెనీవాలో దిగారు. క్లాసులు అప్పటికే మొదలైపోయాయి. 130వ నంబరు విద్యార్థిగా పేరు నమోదైంది.

సీటు వచ్చాక అసలు పరీక్ష

ఊళ్లో ఆడవాళ్లు ఆమెను వింతగా చూసేవారు. భోజనం బల్ల దగ్గర ఒక డాక్టరు గారి భార్య పలకరించేది కాదు. క్లాసులో మాత్రం అనుకోని మార్పు కనిపించింది. అల్లరికి పేరుబడ్డ కుర్రాళ్లు బుద్ధిగా కూర్చుని వినడం మొదలుపెట్టారు. పునరుత్పత్తి అవయవాల పాఠం వచ్చినప్పుడు, ఆ కొన్ని రోజులు రాకుంటే బాగుంటుందని అనాటమీ ప్రొఫెసర్ జేమ్స్ వెబ్‌స్టర్ అడిగారు. తానూ ఒక విద్యార్థినేనని, అందరిలాగే క్లాసులో ఉంటానని ఆమె ఉత్తరం రాశారు. ఆయన దాన్ని క్లాసులో చదివి వినిపించారు. విద్యార్థులు ఆమెకే మద్దతిచ్చారు.

సెలవుల్లో ఆమె ఫిలడెల్ఫియాలోని బ్లాక్లీ అనాథ శరణాలయ ఆసుపత్రిలో పనిచేశారు. వార్డులోకి ఆమె రాగానే కుర్ర డాక్టర్లు బయటికి నడిచేవారు. మంచాల దగ్గర ఉండే చీటీల మీద రోగం పేరు, మందు రాయడం కూడా మానేశారు, ఆమె చదివి నేర్చుకోకూడదని. దాంతో రోగిని చూసి సొంతంగా ఆలోచించడం అలవాటు చేసుకున్నారు. ఐర్లండ్ కరువు నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో ఆ వార్డులు టైఫస్ జ్వరంతో నిండిపోయాయి. ఆమె థీసిస్ ఆ జ్వరం మీదే.

1849 జనవరి 23న డిగ్రీ చేతికొచ్చింది. క్లాసులో మొదటి స్థానం ఆమెదే.

డిగ్రీ ఉన్నా మళ్లీ క్యూలోనే

అక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. ప్రాక్టికల్ ట్రైనింగ్ కోసం పారిస్ వెళితే, లా మెటర్నిటే ఆసుపత్రిలో డాక్టర్‌గా కాదు, మంత్రసాని పని నేర్చుకునే అమ్మాయిగానే చేర్చుకున్నారు. ఆమె సరేనన్నారు. అదే ఏడాది నవంబరులో, కంటి ఇన్ఫెక్షన్ ఉన్న పసిబిడ్డకు కన్ను కడుగుతుండగా ఆ నీళ్లు ఎగిరి ఆమె కంట్లో పడ్డాయి. ఎడమ కన్ను పోయింది. సర్జన్ కావాలన్న కల అక్కడే ఆగిపోయింది. తర్వాత లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూస్ ఆసుపత్రిలో అన్ని వార్డులూ తిరగనిచ్చారు, విచిత్రంగా స్త్రీల వ్యాధుల విభాగం తప్ప.

1851లో న్యూయార్క్ తిరిగొచ్చారు. ఆడ డాక్టర్ అంటే బోర్డు పెట్టుకోవడానికి గది అద్దెకిచ్చేవాళ్లు లేరు. ఒక డిస్పెన్సరీలో ఉద్యోగం అడిగితే ఇవ్వలేదు. పేషెంట్లు రాని ఖాళీ టైమ్‌లో ఆరోగ్యం మీద ఉపన్యాసాలిచ్చి, వాటిని 1852లో పుస్తకంగా తెచ్చారు. 1853లో పేద ఆడవాళ్ల కోసం ఒక్క గదిలో సొంత డిస్పెన్సరీ పెట్టారు.

చెల్లెలి అప్లికేషన్లు

అక్క దారి తెరిచింది కాబట్టి చెల్లికి ఈజీ అయ్యుంటుంది అనుకుంటాం. ఎమిలీ బ్లాక్‌వెల్ కూడా డాక్టర్ చదవాలనుకున్నారు. అక్కకు మొదటి ర్యాంకు వచ్చిన జెనీవా కాలేజీ చెల్లిని వద్దంది. ఇంకా చాలా కాలేజీలు కాదన్నాక, 1852లో షికాగోలోని రష్ మెడికల్ కాలేజీ చేర్చుకుంది. కొన్నాళ్లకే ఇలినాయ్ వైద్యుల సంఘం ఆ కాలేజీని తప్పుపట్టింది. ఎమిలీని మళ్లీ రానివ్వలేదు. ఆమె మళ్లీ అప్లికేషన్లు పెట్టుకుని, క్లీవ్‌లాండ్‌లో చదువు పూర్తి చేసి 1854లో డిగ్రీ తీసుకున్నారు.

అందుకే నిన్నటి సీనియర్‌కి ఎక్కడ సీటొచ్చిందన్నది సమాచారమే తప్ప గ్యారంటీ కాదు. చెల్లి అక్క లిస్టును కాపీ కొట్టి అక్కడే ఆగిపోయుంటే డాక్టర్ అయ్యేవారు కాదు.

అప్లై చేయడం మానేసి, అడ్మిషన్లు ఇవ్వడం

1857లో అక్కాచెల్లెళ్లు, మేరీ జక్రెవ్‌స్కా అనే మరో డాక్టర్‌తో కలిసి పేద స్త్రీలు, పిల్లల కోసం న్యూయార్క్ ఇన్‌ఫర్మరీ ప్రారంభించారు. ఆడ డాక్టర్లు డిగ్రీ తర్వాత ట్రైనింగ్ పొందడానికి ఒక చోటు దొరికింది. నిజానికి ఆడవాళ్లకు వేరే మెడికల్ కాలేజీ పెట్టడం ఎలిజబెత్‌కి ఇష్టం లేదు. ఉన్న మంచి కాలేజీలే చేర్చుకోవాలన్నది ఆమె వాదన. ఎన్నేళ్లు ఎదురుచూసినా అవి కదల్లేదు. చివరికి 1868లో ఇన్‌ఫర్మరీకి అనుబంధంగా కాలేజీ తెరిచారు. ఎంట్రన్స్ పరీక్ష పెట్టారు, పరిశుభ్రత శాస్త్రాన్ని ప్రత్యేక సబ్జెక్టు చేసి తానే బోధించారు. తన కాలేజీ నుంచి వచ్చే డిగ్రీని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదన్నది ఆమె పట్టుదల.

1869లో ఆమె ఇంగ్లండ్‌కి వెళ్లిపోయారు. 1874లో లండన్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ ఫర్ విమెన్ మొదలైనప్పుడు అందులో కూడా ఆమె చెయ్యి ఉంది. మనకు సంబంధం కలిసేది ఇక్కడే. కోస్తాంధ్ర, రాయలసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ రోజుల్లో, 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన మొదటి నలుగురు మహిళల్లో మేరీ షార్లీబ్ ఒకరు. తర్వాత ఆమె పైచదువు చదివింది ఈ లండన్ స్కూల్లోనే. బాల్యవివాహం కేసుతో దేశమంతా తెలిసిన రుఖ్మాబాయి డాక్టర్ చదువుకు వెళ్లింది కూడా అక్కడికే. వాళ్లు తమ లిస్టు రాసుకునేనాటికి అందులో రాయడానికి ఒక పేరంటూ ఉంది.

ఎలిజబెత్ 1910 మే 31న ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో కన్నుమూశారు. 89 ఏళ్లు బతికారు.

మరి మన లిస్టులో ఎన్ని?

29 అనే అంకెను కాపీ కొట్టకండి. ఆమెను కాదన్న కారణం మార్కులు కాదు, ఆడపిల్ల కావడం. మన పరిస్థితి వేరు, ఫీజులు వేరు. ఆమె లిస్టు వేసిన పద్ధతి మాత్రం తీసుకోవచ్చు.

• వదులుకోలేనిది ఒక్కటి ముందు రాసుకోండి. అది ఫలానా స్పెషలైజేషన్ కావచ్చు, ఫండింగ్ కావచ్చు, ఇంటికి దగ్గరగా ఉండటం కావచ్చు. ఆ ఒక్కటి లేని కాలేజీ ఎంత పెద్దదైనా లిస్టులో ఉండక్కర్లేదు.

• మిగతావన్నీ వదులుకోవడానికి సిద్ధంగా ఉండండి. ఆమె నగరాన్ని, పేరును వదిలారు.

• ఎనిమిది పేర్లున్న లిస్టులో ఎనిమిదీ ఒకే కారణంతో కాదనగలవైతే, మీ దగ్గర ఉన్నది నిజానికి ఒక్క అప్లికేషనే. జీపీఏ తక్కువా? జీపీఏ కంటే ప్రాజెక్టులు చూసేవి, ఇంటర్వ్యూ పెట్టేవి, ప్రొఫెసర్ నేరుగా ఎంచుకునేవి వెతకండి. ఒకదానికొకటి పోలిక లేని ఐదు, ఒకే రకం పన్నెండు కంటే మేలు.

• మీరు శ్రద్ధగా పూర్తి చేయగలిగినన్నే పెట్టండి. ఆమె పన్నెండు ప్రాస్పెక్టస్‌లు చదివాకే పన్నెండు అప్లికేషన్లు పంపారు. వెబ్‌సైట్ కూడా తెరవకుండా, పేరు మార్చి పంపే ఎస్‌ఓపీకి ఫీజు దండగ.

• మీ తరఫున ఒక లేఖ రాయగల మనిషిని డెడ్‌లైన్ వారంలో కాదు, ఇప్పుడే వెతుక్కోండి. జెనీవాలో ఓటింగ్ దాకా విషయం వెళ్లిందంటే, వారింగ్టన్ రాసిన ఆ ఉత్తరం వల్లే.

• మొదటి రౌండ్ మొత్తం నో వస్తే, అదే లిస్టును ఇంకో ఐదుతో పొడిగించకండి. ఎందుకు కాదన్నారో రాసుకుని, ఆ కారణం అడ్డురాని చోట్లతో రెండో లిస్టు మొదలుపెట్టండి.